సేటు గారింటి సినిమా మిషను

చార్మినార్ వెనుక మా గల్లీ వాసులకు, ఇరుగుపొరుగు గల్లీల వారికి తెలియజేయునది ఏమనగా: జరీ వ్యాపారి వెంకటనారాయణ సేటు గారు తమ ధర్మపత్ని విమలాదేవి గారి వినోదార్థం, ఆమెకు గడప దాటే శ్రమ లేకుండా, సినిమానే ఇంటికి తెప్పించారు. గల్లీ సాహిత్య సంఘం కార్యదర్శిగా ఈ మహత్కార్యాన్ని మొదటి నుంచీ చూసినవాణ్ణి నేను. కనుక నివేదిక నేనే రాయాలి. రాయమని ఎవరూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

కారణం చిన్నదే. మూసీ అవతలి థియేటరులో తెలుగు మాట్లాడే టాకీ వచ్చిందనీ, పాటలు కూడా ఉన్నాయనీ, శుక్రవారం మధ్యాహ్నం ఆట ఆడవాళ్లకు మాత్రమేననీ జట్కా మీద తప్పెట కొట్టి చాటారు. ఆ రోజు అన్నం వడ్డిస్తూ విమలాదేవి గారు భర్తను అడిగారు.

"నాకు గా టాకీ జూడాలని ఉన్నది. పక్కింటి ఖైసర్ బేగం గూడ వస్తనంటున్నది. ఒక్కసారి పోయొస్తం."

సేటు గారు ముద్ద చేతిలో పట్టుకునే ఆలోచించారు. "మనింటి ఆడోళ్లు సినిమాకు పోవుడేంది? బజార్ల నా ఇజ్జత్ ఏంగావాలె? నీకు గావాల్సింది సినిమానే గద! ఫికర్ చెయ్యకు. ఇంటికే తెస్త."

అబ్బ, భర్త అంటే అట్లా ఉండాలి!

సికింద్రాబాదు హరాజులో, సీమకు తిరిగిపోతున్న ఒక దొర వేలానికి పెట్టిన సామాన్లలో మిషను దొరికింది. హార్మోనియమంత పెట్టె. పైన రెండు చక్రాలు, ముందు ఒక అద్దం, లోపల బల్బు, పక్కన తిప్పడానికి ఒక పిడి. ఇంటికి తెచ్చి తిప్పి చూస్తే అది మాట్లాడే రకం కాదు. "మాట్లాడకుంటేనే మర్యాద" అన్నారు సేటు గారు. దానితో వచ్చిన రీలు కూడా ఒక్కటే. దొర తన బంగళాలో కుక్కకు స్నానం చేయించినప్పటి బొమ్మ అది. కుక్కను తొట్టిలో దించుతారు. సబ్బు పూస్తారు. కుక్క ఉరుకుతుంది. పట్టుకొస్తారు. అది ఒళ్లు విదిలిస్తుంది, దొర తడుస్తాడు. కథ అంతే.

మొదటి ఆటకు గల్లీ పెద్దమనుషులందరూ వచ్చారు. పిలవలేదు గాని, పిలిస్తేనే రావడం మా గల్లీలో బడాయి కింద లెక్క. దివాన్‌ఖానా గోడకు తెల్ల దుప్పటి కట్టారు. ఆ గోడ కిందనే సోఫా ఉంది. అది ఆబ్కారీలో పెద్ద కొలువు చేసి, పింఛను పుచ్చుకుంటున్న షఫీఉద్దీన్ సాహెబు గారిది. ఈయన ఖైసర్ బేగం గారి భర్త. సోఫా కొన్నది సేటు గారే గాని, ఆ చోటు మాత్రం సాహెబు గారిది. జరగమంటే బేఅదబీ, మర్యాద తప్పడం. సోఫానే జరిపితే ఉద్యోగం నుంచి తీసేసినంత అవమానం. కాబట్టి వారు తెరకు వీపు పెట్టి, మా వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. కుక్క వారి షేర్వానీ మీద స్నానం చేసింది. సబ్బు నురుగు గడ్డం దాకా వచ్చింది. వెలుతురుకు కళ్లు చికిలించుకుని సాహెబు గారు "బహుత్ ఖూబ్!" అన్నారు. మేము నవ్వు ఆపుకోలేక దగ్గాం. "ఊర్లె దగ్గు మస్తు లేచినట్టున్నది, జాగ్రత్తగుండున్రి" అని వారు మా మీద దయతో చెప్పారు.

ఇక ఆడవాళ్ల సంగతి. దుప్పటి కట్టిన గోడకే ఒక పక్క తలుపు ఉంది. దానికి పరదా వేసి, వెనుక వారిని కూర్చోబెట్టారు. అక్కడి నుంచి తెర కనబడదు. తెర చూస్తున్న మగవాళ్ల ముఖాలు మాత్రం బాగా కనబడతాయి.

"ఎట్లున్నది సినిమా?" అని సేటు గారు లోపలికి వెళ్లి గర్వంగా అడిగారు.

"మీ అందరి నోర్లు కనబడ్డయి. మీ దోస్తు దుర్గయ్యన్నకు దవడ పండ్లు లెవ్వు."

ఈ ఫిర్యాదును మేము తేలిగ్గా తీసుకోలేదు. సంఘం వేసి, మిరపకాయ బజ్జీలు తింటూ చర్చించాం. బజ్జీలు వేసింది ఫిర్యాదుదారే. ఎదుటి గోడ పక్కన కూర్చోబెడదామంటే అది వీధి వైపు. మగవాళ్లం లేచి పోయి, కాసేపు వాళ్లకు వదిలేద్దామని ఎవడో అన్నాడు. ఆ మాటకు అందరం వాడి వైపు చూస్తే పాపం తల దించుకున్నాడు. చివరికి ఏకగ్రీవంగా ఒప్పుకున్నదేమంటే, పిడి తిప్పే దుకాణం నౌకరు సాయిలు జరిగేదంతా గట్టిగా చెప్పాలి, పరదా వెనుక వాళ్లు వినాలి.

"అమ్మా, కుక్క దిగింది! అమ్మా, సబ్బు రాస్తున్నరు! అమ్మా, ఉరికింది, ఉరికింది!"

ఇట్లా మా గల్లీలో మూకీ టాకీ అయింది. కొన్నాళ్లకు సాయిలుకు చెయ్యీ గొంతూ రెండూ అలిసిపోయి, "అమ్మా, అంత నిన్నటి లెక్కనే" అని ఒక్క ముక్కలో కథ ముగించేవాడు. మాకు మాత్రం విసుగు రాలేదు. తొట్టి సంసారమనీ, కుక్క జీవుడనీ కృష్ణయ్య పంతులు గారు అర్థం చెప్పినప్పటి నుంచి మరీ భక్తిగా చూశాం. రోజూ సాయంత్రం ఆట, రోజూ బజ్జీలు. విమలాదేవి గారు వంటింటి నుంచి పరదా దాకా రావడమే తగ్గిపోయింది.

ఇంతటి ఉపకారికి సన్మానం చేయకపోతే మేము మనుషులం కాము. "మహిళా వినోద ప్రదాత" అనే బిరుదు ఇవ్వాలని, జుమ్మా నమాజు అయ్యాక, కిటికీలకు బొంతలు కట్టి, సభా ఆటా కలిపి జరపాలని నిశ్చయించాం. ఆ శుక్రవారమే టాకీకి ఆఖరి రోజు. తప్పెట జట్కా పొద్దున్నే వచ్చి పోయింది.

"ఇయ్యాల పోతే మళ్ల లేదట," అన్నారు విమలాదేవి గారు. "ఒక్కసారి పోనియ్యరాదు?"

"ఇయ్యాల్నే నా సన్మానం! పరదా ఎనుక ఎవ్వరు లేకుంటే ఇజ్జత్ ఏముంటది? నీ కోసం గింత తిప్పల వడ్డ, నీకు జర్రంతన్న సోయి లేదు" అని సేటు గారు నిజంగానే నొచ్చుకున్నారు.

సభ మొదలైన వేళకు పరదా కట్టిన ఒక జట్కా మూసీ మీది అఫ్జల్‌గంజ్ పూల్ దాటుతున్నది. అందులో విమలాదేవి గారు, ఖైసర్ బేగం గారు, మా ఇంటావిడ కమల ఉన్నారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను. మీరు మా అంత పెద్దమనుషులు కారు గనుక తట్టుకోగలరు.

సాహెబు గారు లేచి, ఖాళీ పరదా వైపు చెయ్యి చూపుతూ ఉపన్యసించారు.

"హాజిరీన్! ఎన్నో మహఫిల్‌లు చూసిన. ఆడోళ్లున్న జాగల గింత ఖామోషీ నేనెన్నడు చూడలె. గాజుల సప్పుడు లేదు, గుసగుస లేదు. దీన్నంటరు తహజీబ్, మర్యాదంటే గిది! వెంకటనారాయణ భాయ్ మిషను మన జనానాకు అదబ్ నేర్పింది!"

చప్పట్లు మోగిపోయాయి. సేటు గారికి కళ్లు చెమర్చాయి. దండ పడింది, శాలువా పడింది, కుక్క మరోసారి స్నానం చేసింది. తర్వాత చాయ్ రావాలి. రాలేదు.

సేటు గారు గొంతు సవరించుకున్నారు. పరదా కదలలేదు. "ఏమే!" అన్నారు. "బేగం!" అన్నారు సాహెబు గారు. జవాబు లేదు. పరదా ఎత్తి చూస్తే అయిపోయేది. కానీ సేటు గారు ఎత్తరాదు, లోపల ఖైసర్ బేగం గారు ఉండొచ్చు. సాహెబు గారు ఎత్తరాదు, విమలాదేవి గారు ఉండొచ్చు. నేను ఎత్తితే ఇద్దరూ ఉండొచ్చు. మర్యాదస్తులం గనుక నాలుకలు పిడచగట్టుకుపోతున్నా, దీపాలు పెట్టేదాకా అట్లాగే కూర్చున్నాం. లోపల ఆనందబాష్పాలు కారుస్తూ ఉంటారని దుర్గయ్య ఊహించాడు. అది బాగుందని నేను రాసుకున్నాను.

చివరికి గాజులు గలగలమన్నాయి. పరదా కింది నుంచి చాయ్ వచ్చింది. ఇంతసేపు ఏం చేశారని ఎవరూ అడగలేదు, చాయ్ వేడిగా ఉంది. "మహిళలు ఆద్యంతం నిశ్శబ్దంగా పాల్గొని సభను జయప్రదం చేశారు" అని సభ నివేదిక ముగించి ఇంటికి వెళ్లాను. అప్పుడు కమల చెప్పింది.

"తెర మీద మనిషి నోరు దెరిచి తెలుగుల మాట్లాడంగనే విమలక్క నా చెయ్యి వట్టుకున్నది. ఆట అయిపోయేదాంక ఇడువలె. ఏడ్సింది, నవ్వింది. జట్కల ఒచ్చేటప్పుడు పాటలన్ని మళ్ల వాడింది. ఎంత మంచి గొంతు! గిన్నేండ్ల సంది పక్కనే ఉన్న, నాకే ఎరుక లేదు."

వినగానే నాకూ సంతోషమైంది, దాచను. కానీ నివేదిక దిద్దలేదు. సంతకాలు అయిపోయాయి కదా.

మర్నాడు సేటు గారు దుకాణంలో అందరికీ చెప్పుకున్నారు. "పొద్దటిసంది మా ఆమె వంట జేస్కుంట పాటలు వాడుతున్నది. అంత నా మిషను మహిమ!" అందరూ అవునన్నారు. మూగ మిషను పాటెట్లా నేర్పిందని ఒక్కడూ అడగలేదు. మీరు నవ్వుతున్నారు, నవ్వండి. నవ్వడమయ్యాక, మీ వంటింట్లోంచి వచ్చే కూనిరాగం ఏ పాటదో, ఎక్కడ నేర్చుకున్నదో, ఒకసారి లోపలికి పోయి అడిగి రండి.