నయీముద్దీన్ తుమ్ముకు ధర

ఆ మంగళవారం పొద్దున నయీముద్దీన్ చేతిలో ఉన్నవి రెండే. హన్మకొండలో పచ్చళ్ల వ్యాపారం చేసే పద్మలత ఇచ్చిన ఇరవై క్వింటాళ్ల మిర్చి ఆర్డరు ఒకటి, ఇరవై రెండేళ్లుగా మిర్చి ముందు తుమ్మలేదన్న పేరు ఒకటి. క్వింటాలు పదహారు వేలకు ఇస్తానని ఆమెకు మాటిచ్చాడు. సాయంత్రంలోగా సరుకు చేరకపోతే ఆర్డరు మధుకు పోతుంది. ఎనుమాముల మిర్చి యార్డులో మధు దుకాణం అతని పక్కదే, కాబట్టి పోయిన ఆర్డరును రోజూ చూసుకోవచ్చు.

పద్నాలుగు వేలకు కొని, ముఖంలో ఏమీ కనపడనీయకుండా బయటపడాలన్నది అతని లెక్క. ఆ లెక్కలో పిల్లి లేదు. కూతురు రుహీ నెల కిందట దాన్ని ఇంటికి తెచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఉన్నంతసేపూ అతనికి తుమ్ములే. అతనికి పిల్లి బొచ్చు పడటం లేదని డాక్టరు అన్నాడు. ఆ డాక్టరుకు మిర్చి సంగతి తెలియదని భార్య దిల్షాద్ బేగం తేల్చేసింది. తన ముక్కు మిర్చికి లొంగేది కాదనీ, సాయంత్రానికి పిల్లి ఇంట్లో ఉండకూడదనీ చెప్పి, మంచం మీది రుమాలు భుజాన వేసుకుని అతను బయలుదేరాడు. ఆ రుమాలు మీద అంతవరకూ పడుకున్నదెవరో చూసుకోలేదు.

యార్డులో మొగిలయ్య అనే రైతు తెచ్చిన ఇరవై క్వింటాళ్ల రాశి అతనికి నచ్చింది. నచ్చింది గనుక పెదవి విరిచి పదమూడు వేలన్నాడు. రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. వెంటనే వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు.

చుట్టూ బేరాలు ఆగిపోయాయి. నయీముద్దీన్ ముక్కును కదిలించిన మిర్చి అంటే మాటలు కాదు. సరుకు చూడకుండానే మధు పదిహేను వేలన్నాడు. వెనకనుంచి ఎవరో పదహారన్నారు.

వేరే దారి లేక, నయీముద్దీన్ తన వ్యాపారంలో మొదటిసారి సరుకు గురించి నిజం చెప్పాడు.

"మిర్చికి కాదు మధూ. మా ఇంట్ల పిల్లి పడ్తలేదు నాకు."

"ఇన్నేండ్లసంది ఎన్నో చెప్పినవ్ గని నయీం భాయ్, పిల్లిని నడుమల తెచ్చుడు ఇదే ఫస్టు," అని మధు పదిహేడుకు పోయాడు.

నయీముద్దీన్ రుమాలు విప్పి తెల్లటి వెంట్రుకలు చూపించాడు. ముందే సాక్ష్యం తయారు చేసుకుని వచ్చాడంటే సరుకు ఇంకెంత గట్టిదో అని మిగతా వ్యాపారులు లెక్కవేశారు. పద్దెనిమిదైంది. రుమాలు దులిపినందుకు మరో నాలుగు తుమ్ములు వచ్చాయి. మొగిలయ్య తన మిర్చిని తానే గుప్పెట్లోకి తీసుకుని, అనుమానంగా వాసన చూసుకున్నాడు.

చివరికి నయీముద్దీన్ ఇంటికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, తనకు తుమ్ములెందుకొస్తున్నాయో చెప్పమని భార్యను అడిగాడు. పిల్లిని సాగనంపడానికి ఇదొక ఎత్తని ఆమె అనుకుంది.

"మూగజీవం మీదికెందుకు నూకుతాన్రు? పొద్దంత మిర్చిల తిరిగెటోనికి తుమ్ములు రాక అత్తరు వాసనొస్తదా?"

"భాభీ అబద్ధం చెప్పది," అన్నాడు మధు. పంతొమ్మిది.

ఆ పూట యార్డులో అంత సరుకు ఇంకెవరి దగ్గరా లేదు. ఆర్డరు వదులుకోలేక నయీముద్దీనే ఇరవై వేలకు కొన్నాడు. ఒప్పుకున్న ధరకు అమ్మితే ఎనభై వేలు నష్టం. సరుకు వెంట తల వంచుకుని హన్మకొండ పోయాడు. పద్మలతకు వార్త అప్పటికే చేరింది. సరుకు చేజారిన దుఃఖంలో మధే ఆమెకు ఫోన్ చేశాడట.

"ఇరవై రెండు వేలిస్త అన్నా. నయీముద్దీన్‌ను తుమ్మించిన మిర్చి అని సీసా మీద ఏయిస్త. ఏడాదంత నువ్వే తేవాలె. గని ఒక్క మాట. నువ్వు తుమ్మని మిర్చి నాకొద్దు."

పిల్లి సంగతి నోటిదాకా వచ్చింది. పొద్దున నిజం ఎంత ఖరీదు పలికిందో గుర్తొచ్చి, మింగేశాడు.

ఇంటికొచ్చేసరికి రుహీ పిల్లిని బుట్టలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. "తీస్కపో అబ్బా," అంది తండ్రితో. నయీముద్దీన్ బుట్ట మూత తీశాడు. మంచం మీద కొత్త రుమాలు పరిచి, పిల్లిని తన చేతులతోనే దాని మీద పడుకోబెట్టాడు.

ఆ తరువాత అతను తుమ్మిన ప్రతి రాశికీ మధు ధర పెంచుతూనే పోయాడు. ఏడాది చివర పాలూ మాత్రలూ పోను లెక్క చూస్తే, ఆ వ్యాపారంలో బరువు పెరిగింది పిల్లి ఒక్కటే.