ఫోటో నాగేశ్ చదివింపు

ఆదివారం పొద్దున్నే నాగేశ్ అద్దం ముందు నిలబడి బాకీ అడగడం సాధన చేశాడు. "అన్నా, నా పైసలు" అన్నాడు మొదట. మరీ మెత్తగా వచ్చింది. "ఏమన్నా, నా పైసలు ఇస్తవా, ఇయ్యవా?" అన్నాడు రెండోసారి, చెయ్యి గట్టిగా ఊపి. ఆ ఊపుకు పక్కనున్న పౌడర్ డబ్బా కింద పడి గది నిండా తెల్లటి పొగ లేచింది.

"గదే చెయ్యి ఆడ ఊపుంటే ఎప్పుడో వచ్చేటియి పైసలు" అంది వంటింట్లోంచి భార్య వసంత.

నాగేశ్ వనపర్తిలో ఫోటోగ్రాఫర్. జీతం లేదు, సెలవు లేదు. ముహూర్తాలుంటే చేతినిండా పని, లేకుంటే గోళ్లు గిల్లుకోవడం. పదిహేను నెలల కిందట ఖిల్లా ఘణపూర్ కురుమూర్తి పెద్ద కూతురు వనజ పెళ్లికి నలభై వేలకు మాట్లాడుకుని ఫోటోలు, వీడియో తీశాడు. అందులో పద్దెనిమిది వేల ఐదు వందలు మిగిలిపోయింది. ఆల్బమ్ చేతికిచ్చిన రోజు అదీ ఇచ్చేయాలని ఒప్పందం. ఆ రోజు కురుమూర్తి ఆల్బమ్‌ను మూడుసార్లు తిరగేసి, చాలా సంతోషించి, "పల్లీ అమ్మినంక ఇస్త తమ్మీ" అన్నాడు. పల్లీ అమ్మాక కందులన్నాడు. కందులు అమ్మాక, ఆల్బమ్ మొత్తంలో తన మేనత్త ఫోటో ఒక్కటే ఉందని, ఆమె అలిగిందని, ఆ అలక తీరేదాకా పైసల మాట ఎత్తొద్దని కొత్త షరతు పెట్టాడు. కొన్నాళ్లకు అలక తీరకుండానే మేనత్త పోయింది. "దినాలు కానియ్యి" అన్నాడు కురుమూర్తి. దినాలు అయ్యాయి, మాసికాలు అయ్యాయి. పెళ్లికూతురు వనజ తల్లి కూడా అయింది. నాగేశ్ బాకీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆల్బమ్ అచ్చువేసిన హైదరాబాద్ ల్యాబు దగ్గర పల్లీలు, మేనత్తలు నడవవు. అక్కడ ముందు పైసలు పెట్టాలి. అందుకు చేసిన అప్పును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పి తిప్పి, చివరికి మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా అని నాగేశ్ తన కెమెరానే ఫైనాన్స్ జయపాల్ దగ్గర తాకట్టు పెట్టాడు. వడ్డీతో కలిపి పదహారు వేల ఐదు వందలైంది. ఇప్పుడు మూఢం పోయింది. ఈ నెల ఇరవైన నాగర్‌కర్నూల్‌లో పెళ్లి ఒప్పుకుని ఉన్నాడు. ఆ లోగా కెమెరా చేతికి రాకపోతే ఆ పెళ్లి పోతుంది, దాని వెనక సీజనంతా పోతుంది.

ఆ ఆదివారం వనజ కొడుకుకు ఇరవై ఒకటో రోజు. ఖిల్లా ఘణపూర్‌లో తొట్టెల ఫంక్షన్. నాగేశ్‌కూ పిలుపొచ్చింది, ఫోటోలకు కాదు, భోజనానికి. ఫోటోలకు మహబూబ్‌నగర్ నుంచి ఇంకెవరినో రప్పించారు.

"చుట్టాలందరి ముంగట అడుగు. సిగ్గుకన్న ఇస్తడు" అని వసంత ధైర్యం చెప్పి పంపింది.

ఫంక్షన్ హాలు గుమ్మంలోనే కురుమూర్తి కనిపించాడు. తెల్లచొక్కా, భుజం మీద కండువా, ముఖమంతా తాతరికం.

"వచ్చినవా తమ్మీ! ముందుగాల తిను."

"తింట గని అన్నా, జర ఆ పైసల సంగతి..."

"ఇయ్యాల పైసల ముచ్చటంత మా బామ్మర్దిది" అన్నాడు కురుమూర్తి, కళ్లు మాత్రం అప్పుడే కారు దిగుతున్న వియ్యంకుడి మీద ఉంచి. "అగో, ఆ టేబుల్ కాడ మల్లయ్య కూసున్నడు. నీ పేరు, పైసలు చిట్టీ మీద రాసియ్యి. అయిపాయె."

అయిపాయె! పదిహేను నెలల్లో ఆ మాట కురుమూర్తి నోట రావడం అదే మొదటిసారి. నాగేశ్‌కు కాళ్లు నేల మీద ఆనలేదు. వియ్యంకుడిని చూడగానే తనను వదిలించుకోవడానికి అన్న మాట అని ఆ సంబరంలో తోచలేదు.

మల్లయ్య కూర్చున్నది చదివింపుల టేబుల్. పిల్లవాడికి ఎవరెంత ఇచ్చారో పేరుతో, ఊరుతో నోట్‌బుక్కులో రాయడం, మైకులో చదవడం ఆయన పని. ఒకప్పుడు నోట్లు చేతిలో పడితేనే పేరు పుస్తకంలో పడేది. ఇప్పుడు టేబుల్ మీద స్కానర్ అట్ట ఉంది. వచ్చినవాళ్లు ఫోనుతో కొట్టి, పేరు చిట్టీ మీద రాసి ఇచ్చి భోజనాలకు పోతారు. డబ్బు ఎవరో మేనల్లుడి ఖాతాలో పడుతుంది. మల్లయ్యకు చిట్టీ ఉంటే చాలు. పోగైన డబ్బులోంచి తన బాకీ తీసి ఇమ్మని మల్లయ్యకు బావ కురుమూర్తి చెప్పి ఉంటాడని నాగేశ్ అనుకున్నాడు. చిట్టీ మీద 'నాగేశ్, ఫోటో, వనపర్తి, 18,500' అని రాశాడు. 'బాకీ' అని కూడా రాయబోయి, పిల్లవాడి పండగ పూట పెద్దమనిషి పరువు తీయడమెందుకని ఊరుకున్నాడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

మల్లయ్య చిట్టీ చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. లేచి నిలబడి మైకు అందుకున్నాడు.

"వనపర్తి ఫోటో నాగేశ్! పద్దెనిమిది వేల ఐదు నూర్లు!"

అప్పటిదాకా పెద్ద చదివింపు పిల్లవాడి పెదనాన్నది, ఐదు వేలు. హాలంతా ఒక్క క్షణం నమిలేది ఆపింది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. పెదనాన్న ఒక్కడే కొట్టలేదు.

"అయ్యో, అది గాదే! నేను ఇచ్చేటియి గావు, నాకు రావలసినయి!" అని నాగేశ్ మొత్తుకున్నాడు. మైకు గోలలో ఎవరికీ వినపడలేదు. ఈలోగా కురుమూర్తి జనాన్ని తోసుకుంటూ వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. నిజంగానే ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"అన్నా, అది నా బాకీ..."

"సమజైంది తమ్మీ! నాకు రావలసిన బాకీ పొల్లగానికి సదివించిన అంటున్నవ్. మా సొంతోళ్లు సుత గింత పెద్ద మనసు సేయలె. పైసల కోసం తిరుగుతున్నవని నిన్ను తప్పుగ అనుకున్న. మాఫ్ చెయ్యి."

మూడు వందల మంది చూస్తుండగా, మాఫీ అడుగుతున్న మనిషిని పట్టుకుని 'నీ మనవడికి నేనేమీ ఇవ్వలేదు' అని ఎలా చెప్పాలో నాగేశ్‌కు తెలియలేదు. కురుమూర్తి అవతలికి పోయాక మల్లయ్య చెవిలో, "జర ఆ లైను కొట్టెయ్యన్నా, తప్పు పడ్డది" అన్నాడు. మల్లయ్య సమాధానం చెప్పేలోపే పక్కన కూర్చున్న కురుమూర్తి తల్లి వెంకటమ్మ లేచింది.

"ఏంది? పసిపిల్లగాని పేరు మీద రాసింది కొట్టేస్తవా? నీకేమన్న బుద్ధుందా? ఆనికి అచ్చొస్తదా గట్ల జేస్తే?"

నాగేశ్ దండం పెట్టి తప్పుకున్నాడు. తప్పుకుని పోయి పడింది సరిగ్గా ఫైనాన్స్ జయపాల్ ముందు. ఆయన కూడా కురుమూర్తికి దూరపు చుట్టమే, మటన్ ముక్క చేత్తో పట్టుకుని అంతా విన్నాడు.

"వారెవ్వా నాగేశూ! నా వడ్డీ అడిగితే ఇంట్ల బియ్యం లెవ్వంటివి. ఈడ పద్దెనిమిది వేలు సదివిస్తివి. గిట్లైతే ఇరవై తారీఖు దాక ఆగుడు లేదు. పదిహేనుకు పైసలు రాకుంటే కెమెరా అమ్మేస్త."

నాగేశ్ బస్సెక్కి వనపర్తి చేరేలోపు అతని చదివింపు ముందే చేరిపోయింది. వసంత వాళ్ల అక్క అదే ఫంక్షన్‌లో అన్నం తింటూ ఫోన్ చేసిందట.

"మా తమ్ముని పెండ్లికి రెండు వేలు రాయిస్తివి, గది సుత గునుక్కుంట" అంది వసంత, గుమ్మంలోనే నిలబెట్టి. "గా కురుమూర్తి మనుమనికి పద్దెనిమిది వేలా? ఆయన నీకేమైతడు?"

"ఏమి గాడు. అప్పు ఎగ్గొట్టినోడు."

జరిగింది మొదటి నుంచి చెబుతుంటే మధ్యలో బావమరిది విజయ్ ఫోన్ చేశాడు. "బావా, నీ తాన పైసలున్నయంట గద. బండి మీద జర కిస్తీ ఉంది." అతనికి ఏదో సర్దిచెప్పి పెట్టేసరికి ఇంటి ఓనరు కాంతమ్మ మేడ దిగి వచ్చింది. వచ్చే నెల నుంచి కిరాయి ఐదు వందలు పెంచుతున్నానని, ఇచ్చుకోగలిగిన వాళ్లు కాబట్టే అడుగుతున్నానని చెప్పింది. మర్నాడు స్టూడియో షట్టర్ కింద ఎనిమిది శుభలేఖలు దూర్చి ఉన్నాయి. ఒక్కదాని మీదా ఫోటోల మాట లేదు. అన్నిటి మీదా 'తప్పక రాగలరు' అని చేత్తో రాసి, కింద గీత కొట్టి ఉంది. జీవితంలో నాగేశ్‌కు ఇంత పరపతి ఎన్నడూ లేదు, ఇంత ఏడుపూ రాలేదు.

మూడో రోజు పొద్దున వసంత ఉల్లిగడ్డలు కోస్తూ ఒక ఉపాయం చెప్పింది.

"ఇగో, బాకీ సంగతి ఇడ్సిపెట్టు. ఇప్పుడది సదివింపు. కురుమూర్తి తిరిగి పెట్టాలె గద? మీద ఇంత ఏసి పెట్టాలె. పెట్టకుంటే ఆళ్ల అవ్వ ఊకోదు. మనింట్ల ఫంక్షన్ జెయ్యి."

"ఏం ఫంక్షనే? బిడ్డ కావ్యకు చెవులు ఎప్పుడో కుట్టిస్తిమి."

"తొమ్మిదేండ్లు నిండినయి. ఓణీ ఏపిద్దాం."

నాగేశ్ ఆలోచించాడు. పదిహేను నెలలు కాళ్లరిగేలా తిరిగినా రాని డబ్బు ఓణీకి వస్తుందా అనిపించింది. కానీ వసంత చెప్పినదాంట్లో తప్పు కనబడలేదు. పని చేసిన వాడికి డబ్బు ఎగ్గొడితే నవ్వి ఊరుకునే ఊరు, చదివింపు తిరిగి పెట్టకపోతే తరతరాలు చెప్పుకుంటుంది.

పద్నాలుగో తారీఖున ముహూర్తం దొరికింది. యాభై మందికి మేడ మీద భోజనాలు చాలనుకున్నారు. వంట మేస్త్రీ ఆశీర్వాదం, "యాబై మందికి వండితే నా పొయ్యి సిగ్గుపడ్తదన్నా" అంటూనే అరువుకు ఒప్పుకున్నాడు. పద్దెనిమిది వేల నాగేశ్ ఇంట్లో ఫంక్షనని తెలిశాక యాభై మంది వంద అయ్యారు, వంద నూట ఎనభై అయ్యారు. ఇంకో మేకను కోశారు. ఇంకో షామియానా తెచ్చారు. ఒక్కో ఖర్చు విన్నప్పుడల్లా నాగేశ్ మేడ మెట్ల మీద కూర్చుండిపోయాడు. కురుమూర్తి రాకపోతే కెమెరాతో పాటు ఇల్లు కూడా వదులుకోవాల్సి ఉంటుందని లెక్క తేలింది.

కురుమూర్తి వచ్చాడు. తల్లిని ముందు నడిపించుకుంటూ వచ్చాడు. వెంకటమ్మ చదివింపుల టేబుల్ ముందు కుర్చీ వేయించుకుని, కొడుకు జేబులోంచి తీసిన నోట్లను తానే లెక్కపెట్టి ఇచ్చింది. పంతొమ్మిది వేలు. మైకులో పేరు చదివినప్పుడు కురుమూర్తి మీసం దువ్వుకున్నాడు. శుభలేఖలు పంపిన ఎనిమిది మందీ, రేపు పెద్ద మొత్తం తిరిగొస్తుందన్న ఆశతో తలా రెండు వేలు రాయించారు. మిగతావాళ్లు ఐదు వందలు, వెయ్యి. మొత్తం నలభై ఏడు వేలు దాటింది. ఆశీర్వాదానికి, మేకలకు, షామియానాలకు ముప్ఫై వేలు పోయాయి. జయపాల్ కూడా భోజనానికి వచ్చాడు. చేయి కడుక్కుని, అక్కడికక్కడే పదహారు వేల ఐదు వందలు లెక్కపెట్టుకుని, సంచీలోంచి కెమెరా తీసి ఇచ్చాడు.

నాగేశ్ కెమెరాను గుండెకు ఆనించుకున్నాడు. లెన్సు మీద ఊదాడు, చొక్కా అంచుతో తుడిచాడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పదిహేను నెలల తర్వాత మొదటిసారి కురుమూర్తి మీద కోపం కూడా పోయింది.

సరిగ్గా అప్పుడే కురుమూర్తి తాంబూలం నములుతూ దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, చిన్నబిడ్డ లగ్గం ఫాల్గుణంల కుదిరింది. మహబూబ్‌నగర్ పోరడు అందరి తలకాయలు కోసిండు ఫోటోలల్ల. ఈసారి నువ్వే తియ్యాలె. ఎంత?"

నాగేశ్ చేతిలో కెమెరా ఉంది. అద్దం ముందు రాని గొంతు ఇప్పుడు వచ్చింది. "నలభై వేలు. సగం ఇప్పుడే కావాలె అన్నా. ఇరవై వేలు చేతిల పడ్తెనే కెమెరా ముడ్తా. పల్లీ గిల్లీ అనొద్దు."

వసంత మొగుడి వంక గర్వంగా చూసింది. కురుమూర్తి కూడా కోపం తెచ్చుకోలేదు.

"న్యాయమే తమ్మీ. కష్టం జేసేటోనికి ముందుగాల ఇయ్యాలె" అన్నాడు. "ఇరవై వేలు నేను నీకియ్యాలె. సరేనా? ఇగ సూడు. ఇయ్యాల నీకు పంతొమ్మిది వేలు సదివిస్తిమి. మా బిడ్డ లగ్గానికి నువ్వు మీద వెయ్యి ఏసి ఇరవై వేలు సదివియ్యాలె. అయితదా, కాదా?"

"అయితది గని..."

"అయిపాయె. నువ్వు ఇచ్చుడు, నేను ఇచ్చుడు, నడుమ గీ స్కానర్లు ఎందుకు? చెల్లుకు చెల్లు."

వెంకటమ్మ తల ఊపింది. కురుమూర్తి చేతిసంచీలోంచి కొత్త నోట్‌బుక్కు తీసి, మొదటి పేజీకి పసుపు రాసి, మొదటి వరుసలో నాగేశ్ పేరు, ఊరు, ఇరవై వేలు అని గుండ్రంగా రాసుకున్నాడు. నాగేశ్ జేబులో ఆ పూటకు మిగిలింది ఎనిమిది వందలు.

అలా ముహూర్తానికి నెల ముందే ఆ పెళ్లి ఫోటోలకు అడ్వాన్సు పూర్తిగా ముట్టింది, నాగేశ్ నుంచి కురుమూర్తికి.