పెద్దావిడ మంచం పక్కన స్టారు స్విచ్

ఇల్లు కట్టుకోవడం యజమాని సొంత వ్యవహారం. ఆ ఇంట్లో స్విచ్ ఎక్కడ ఉండాలన్నది మాత్రం ఊరి ఉమ్మడి వ్యవహారం. ఈ సంగతి ఏ చట్టంలోనూ రాసి లేదు. అందుకేనేమో, మలికిపురం చుట్టుపక్కల ఇంతవరకూ ఎవరూ దీన్ని ఉల్లంఘించలేదు.

శ్యామ్ సుందర్ మాస్టారు ఉల్లంఘించే మనిషి అసలే కాదు. వాళ్ల వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు, స్లాబు వేసిన మొదటివాడు కూడా అతనే. ఆ స్లాబు కింద వాళ్లమ్మ ఎలీసమ్మ కోరింది ఒక్కటే.

"ఒరేయ్ అబ్బాయ్, నా మంచం పక్కన లైటు స్విచ్చి పెట్టించరా. వరి ఊడ్పులు ఊడ్చి ఊడ్చి మోకాళ్లు అరిగిపోయాయి. ఒకసారి నడుం వాల్చేనంటే లైటు ఆర్పడానికి మళ్లీ లేవలేను."

శ్యామ్ సుందర్ స్వయంగా మంచం వేసి, తల్లిని పడుకోబెట్టి, ఆవిడ చెయ్యి అందిన చోట సుద్దముక్కతో గీత గీశాడు. ఎలక్ట్రీషియన్ పాపారావు అక్కడే గోడ కొట్టి స్విచ్ పెట్టె బిగించాడు. అప్పటివరకూ అంతా సవ్యంగానే ఉంది.

మర్నాటి నుంచి సలహా సంఘం వారి తనిఖీలు మొదలయ్యాయి. (ఈ సంఘానికి ఎన్నికలుండవు. గుమ్మం బయట చెప్పులు విడిచి "ఏం మాస్టారూ, వైరింగేనా?" అన్నవారల్లా సభ్యులే.) పెద్దమనిషి గోడ మీద వేలు ఆనించిన చోట స్విచ్ రావాలి. ఆ పెద్దమనిషి కాళ్లాడుతూ తిరుగుతున్నంత కాలం దాన్ని కదపరాదు; కాఫీకి వచ్చినప్పుడు చూసుకుంటారు. ఇందులో యజమాని పాత్ర "ఆయ్" అనడం. "కాదండీ" అనే మాట శ్యామ్ సుందర్‌కు బి.ఎడ్.లో కూడా నేర్పలేదు.

అలా వంటింటి ఫ్యాను స్విచ్ హాల్లోకి వచ్చింది (అటూ ఇటూ నడిస్తే ఒంటికి మంచిదట, చెప్పినాయన షుగరు మనిషి). హాలు లైటు స్విచ్ తలుపు వెనక్కి వెళ్లింది. వేలు ఆనించిన రోజుకి ఇంకా తలుపులు బిగించలేదు మరి.

ఆ తర్వాత సత్యనారాయణమూర్తిగారు దయచేశారు. ఎలీసమ్మ ఊడ్పులు ఊడ్చింది ఆయన చేలల్లోనే కాబట్టి ఆయన వేలికి కొంచెం బరువెక్కువ.

"మాస్టారూ, పెద్దాళ్లు లైటేసి మర్చిపోతారండీ. వాళ్ల గది స్విచ్ వీధివైపు గోడకి బయటపక్క పెట్టించండి. వచ్చేపోయే వాళ్లెవరో ఒకరు ఆపేస్తారు. మా అమ్మగారి గదికీ అలాగే చేయించేను."

"ఆవిడేమన్నారండీ?" అని శ్యామ్ సుందర్ అడిగాడు. అతని మట్టుకు అది తిరుగుబాటు.

"ఆవిణ్ణెందుకండీ అడగడం? పెద్దావిడ కదా!" అన్నారు మూర్తిగారు, ఎంతో మర్యాదగా.

"ఆయ్."

గదిలోంచి ఎలీసమ్మ దగ్గు వినిపించింది. దగ్గును అభ్యంతరంగా పరిగణించే ఆనవాయితీ సంఘానికి లేదు.

ఇక మంచం పక్కన పెట్టె ఖాళీగా మిగిలింది. "గోడ కొట్టేసేనండీ. దానికేదో ఒక కనెక్షన్ ఇవ్వకపోతే నన్ను చూసి నవ్వుతారు," అన్నాడు పాపారావు. ఈ చిక్కును చర్చి పెద్ద, శ్యామ్ సుందర్‌కు పెదనాన్న అయిన మోషేగారు విడదీశారు.

"ఒరేయ్ శ్యామూ, డాబా మీద క్రిస్మస్ స్టారు కడతాం కదా, దాని స్విచ్చి మా మరదలి చేతికియ్యి. ఇంటికి పెద్దది. గౌరవంగా ఉంటది."

"ఆయ్."

ఆ విధంగా, లైటు ఆర్పుకోవడానికి స్విచ్ అడిగిన ఎలీసమ్మకు నక్షత్రాన్ని వెలిగించే అధికారం దక్కింది.

గృహప్రవేశం ప్రార్థనకే ఉత్సాహంగా స్టారు కట్టేశారు. ఆ సాయంత్రం ఎలీసమ్మ నడుం వాల్చి, చెయ్యి చాపి నొక్కింది. గదిలో లైటు చెక్కుచెదరలేదు. డాబా మీద స్టారు ధగధగా వెలిగింది. అది మే నెల.

"ఏవండోయ్ మాస్టారూ!" అని రోడ్డు మీంచి ఎదురింటి వీరాయమ్మ కేకేసింది. "ఈ ఎండల్లో పుట్టించేసేరేంటండీ ఆయన్ని!"

ఎలీసమ్మ పడుకునే వేళకు శ్యామ్ సుందర్ ట్యూషన్ల నుంచి ఇంటికి చేరడు. మొదట్లో ఆవిడ దారినపోయేవాళ్లను కేకేసి పిలిచేది. మాస్టారి తల్లి అలా కేకలేస్తే బాగోదని మోషేగారు తీర్మానించారు. దాంతో ఊరే ఒక పద్ధతికి అలవాటుపడింది. స్టారు వెలిగిందంటే ఎలీసమ్మగారికి నిద్రొస్తోందని అర్థం. ఆ దారిన పోయేవారెవరైనా గేటు తీసుకుని వచ్చి, స్విచ్ నొక్కి, "పడుకోండి పిన్నిగారూ" అని చెప్పి వెళ్లాలి. వాన పడితే ఎవరూ రారు. అలాంటి రోజుల్లో కొడుకు వచ్చేదాకా ఆవిడ కళ్ల మీద కొంగు కప్పుకుంటుంది.

ఈ ఇబ్బందిని శ్యామ్ సుందర్ సంఘానికి విన్నవించాడు. మూర్తిగారు, మోషేగారు కలిసి వచ్చి, గోడను పరిశీలించి, ఎవరి వేలికీ అవమానం కలగకుండా పరిష్కారం చూపారు: స్విచ్ పైన ఒక రేకు దింపితే, ఆర్పడానికి వచ్చేవాళ్లు తడవరు.

"ఆయ్," అన్నాడు శ్యామ్ సుందర్.

పెద్దలు వెళ్లాక ఎలీసమ్మ కాఫీ గ్లాసులు తీస్తూ అంది: "పూరింట్లో ఉన్నప్పుడు కిరసనాయిలు బుడ్డి నా నోటితో నేనే ఊదుకునేదాన్నిరా అబ్బాయ్. ఎవర్నీ అడిగేదాన్ని కాదు."

శ్యామ్ సుందర్ తల్లి చేతిలోంచి గ్లాసులు అందుకున్నాడు. ఈసారైనా సరైన జవాబు చెప్పాలని గట్టిగా అనుకున్నాడు. తనకు వచ్చిన జవాబే చెప్పాడు.

"ఆయ్."