కంప్యూటర్‌కు తెలుగు తాళం

ఉచిత సాఫ్ట్‌వేర్ నా పరువు తీసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అది ఎవరి సొత్తూ కాదని, లోపల ఏముందో ఎవరైనా చూడవచ్చని, నచ్చకపోతే మార్చుకోవచ్చని, పదిమందికి పంచవచ్చని మీరంటారు. నాకూ అవే మాటలు చెప్పారు. చెప్పినవాడు నా భార్య భాగ్యం అన్నగారి కొడుకు గురు. పిళ్ళైచావడి దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకునేవాడు. నేను వాణ్ణి ఫ్రీ గురు అనేవాణ్ణి. తన పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ తాంబూలం సంచీలో కొబ్బరికాయ పక్కన లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సిడి పెట్టి పంచాడు. ముసలివాళ్ళు దాన్ని అద్దమనుకుని బొట్టు దిద్దుకున్నారు.

నా పరువు ఎంత పోయిందో తెలియాలంటే ముందు ఎంత ఉండేదో తెలియాలి.

ముదలియార్‌పేటలో మా వీధిలో తెలుగు ఇళ్ళు ఇరవై. తాతముత్తాతల నుంచి ఇక్కడే. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. తెలుగు అక్షరం గుర్తుపట్టగలిగినవాడు వీధి మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడు ఈ ఆదిమూలం. మా అమ్మ పుట్టిల్లు సత్యవేడు పక్కన పల్లె. పదో తరగతి దాకా అక్కడి తెలుగు బడిలో చదివాను. ఆ బడిలో గట్టిగా చదివితేనే చదివినట్టు. మనసులో చదువుకునేవాణ్ణి నిద్రపోతున్నాడని అయ్యవారు కొట్టేవాడు. అందుకే ఈ రోజుకీ నాకు నోరు కదపకుండా చదవడం రాదు.

ఏటా ఉగాదికి మా తెలుగు సంఘం హాల్లో పంచాంగం చదివేది నేనే. కొత్త శాలువా, వేదిక మీద కుర్చీ, ఉగాది పచ్చడి మొదటి దొన్నె, అన్నీ నావే. సంఘం అధ్యక్షుడు కేశవన్ మైకు పట్టుకుంటే కరెంటు పోయేదాకా వదలడు. మైకు కేశవన్ అంటేనే ఊళ్ళో తెలుస్తుంది. ఆ మనిషి కూడా నాకు మైకు ఇచ్చి పక్కన నిలబడేవాడు. అదీ నా పరువు.

నేను ఏది చదివితే అదే పంచాంగం. కాబట్టి కొంచెం చేర్చేవాణ్ణి.

భాగ్యానిది కర్కాటక రాశి. కర్కాటక రాశి స్త్రీలు పుట్టింటి ప్రయాణాలు చేస్తే భర్త ఆరోగ్యానికి హాని అని పద్దెనిమిదేళ్ళు చదివాను. ఆవిడ పుట్టిల్లు విల్లియనూరు. బస్సులో అరగంట. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేసేది. ఒక్క రాత్రి కూడా ఉండేది కాదు. ఆవిడ అక్కడ ఉంటే ఇక్కడ నాకు చారు ఎవరు పెడతారు?

నాది సింహరాశి. పంచాంగంలో ఒక్కో రాశికి ఆ ఏడాది దొరికే మర్యాదకూ అవమానానికీ అంకెలు వేస్తారు. రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని. సింహరాశికి ఏటా రాజపూజ్యం ఏడు, అవమానం ఒకటి. ఏడుకు మించి వేసే ఆచారం లేదు కాబట్టి ఏడుతో సరిపెట్టుకున్నాను.

అందుకే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలంటే నాకు గౌరవం. డబ్బా మూసి ఇస్తారు. లోపల ఏముందని అడిగితే నీకెందుకంటారు. వ్యాపారమంటే అది. నేను పద్దెనిమిదేళ్ళు అదే పద్ధతిలో నడిపాను. ఒక్క ఫిర్యాదు రాలేదు.

మిల్లు ఉద్యోగం అయిపోయాక ఒక కంప్యూటర్ కొన్నాను. మున్సిపాలిటీకీ కరెంటాఫీసుకూ అర్జీలు రాసుకోవడానికి. అర్జీలు లేకపోతే ఈ దేశం ఆగిపోతుంది. కానీ మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా అది నాకు దొరకలేదు. భాగ్యం, పక్కింటి మణియమ్మ, వీధిలో ఇంకో అయిదుగురు ఆడవాళ్ళు దాని ముందు కూర్చుని ముగ్గులు గీసేవాళ్ళు. గీసి ప్రింటు తీసేవాళ్ళు. తీసి ఒకరి ముగ్గును ఒకరు దిద్దేవాళ్ళు. నా కాఫీ ఆరున్నరకు వచ్చేది.

పాస్‌వర్డ్ పెట్టాను. నాలుగుసార్లు మార్చాను. ఒక్కో అక్షరం వేలితో కొడుతూ నోటితో చెప్పడం నా అలవాటు. నేను కుర్చీలోంచి లేచేలోపు వంటింట్లోంచి భాగ్యం అదే మాటను పాటలా పాడేది.

అట్లాంటి రోజుల్లో గురు సిడి పట్టుకుని వచ్చాడు. అందులో భాషల జాబితా చూపించాడు. ఆ జాబితాలో తెలుగు ఉంది. హైదరాబాదులో ఎవరో జీతం లేకుండా కూర్చుని ప్రతి మాటనూ తెలుగు చేశారట.

నా బుర్రలో దీపం వెలిగింది. కంప్యూటర్ మొత్తం తెలుగులోకి మారితే ఈ వీధిలో దాన్ని తెరవగలిగేవాడు ఎవడు? ఇంతకంటే గట్టి తాళం ఏ కంపెనీ చేస్తుంది? తెలుగు తప్ప వేరే భాష ఏదీ ఉంచొద్దని చెప్పాను. గురు కళ్ళు తుడుచుకున్నాడు. మన భాష మీద మామకు ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదట.

అనుమానం రాకుండా ఉండాలని పైకి మాత్రం బెట్టు చేశాను.

"ఓనరు లేని సరుకు ఇది. చెడిపోతే ఎవురి గొంతు పట్టుకునేది?" అన్నాను.

జవాబు భాగ్యం చెప్పింది. "ముగ్గుకు ఓనరు ఎవురయ్యా? మణియమ్మ పెట్టింది చూసి నేను పెడతా. ఇంకో రెండు చుక్కలు చేరుస్తా. దాన్ని చూసి ఇంకొకతి పెడతాది. యాడన్నా చెడిందా?"

"ఆవు తొక్కితే చెడిపోదా?"

"తొక్కితే మల్లా పెడతాం. నీ కంపెనీవోడు వచ్చి పెడతాడా?"

గురు నవ్వాడు. వాడికి కాఫీ ఇవ్వొద్దన్నాను. రెండు గ్లాసులు ఇచ్చింది.

తాళం పడింది. మొదటి వారం స్వర్గం. మూడు గంటలకు ఏడుగురూ వచ్చి, తెర చూసి, వెళ్ళిపోయారు. నేను కుర్చీలో కూర్చుని ఒక్కో మాటా చదువుకుంటూ అర్జీలు రాశాను. పక్కింటి మిక్సీ చప్పుడు గురించి కలెక్టరుకు ఒకటి రాశాను. నాలుగున్నరకల్లా భాగ్యం కాఫీ తెచ్చి, నేను తాగేదాకా నా వెనకే నిలబడేది. పెళ్ళయిన కొత్తలో కూడా అంత భక్తి చూడలేదు. నేను గ్లాసు ఇచ్చాక కూడా కదిలేది కాదు. నేను పొంగిపోయి ఇంకా గట్టిగా చదివాను. "ము... ద్రిం... చు."

ఆ మాట పక్కన ప్రింటరు బొమ్మ ఉంది. కత్తిరించే మాట పక్కన కత్తెర బొమ్మ ఉంది. ప్రతి మాటా ఇంతకుముందు ఇంగ్లీషులో ఉన్న చోటే ఉంది. బొమ్మ, దాని పక్కన మాట, దాన్ని గట్టిగా చదివి వినిపించడానికి ఒక అయ్యవారు. ఒకటో తరగతి వాచకంలో ఇంతకంటే ఏముంటుంది? ఇది నాకు రెండు నెలల తర్వాత తట్టింది.

ఆ రోజు హైదరాబాదు నుంచి ఒక ఈమెయిలు వచ్చింది. అలవాటు కొద్దీ గట్టిగా చదివాను. భాగ్యమ్మ గారికి నమస్కారం అని ఉంది. కంప్యూటర్ తెలుగులో మీరు దిద్ది పంపిన పదహారు మాటల్లో తొమ్మిది తీసుకున్నాం అని ఉంది. నిష్క్రమించు అన్నదాని బదులు బయటికి పో అని పెట్టమన్నారు, అది మర్యాదగా లేదని కొందరు అంటున్నారు, ఇంకా చర్చ జరుగుతోంది అని ఉంది.

"ఎవురు రాసిపెట్టినారు నీకు?" అన్నాను.

"నేనే రాసినా."

"నీకు తెలుగు రాదే."

"నువ్వే గదయ్యా నేర్పినావు. దినమూ అంత గట్టిగా చదివి."

తనొక్కతే కాదని, నేర్చుకున్నది మిగతా ఆరుగురికీ నేర్పేసిందని కూడా చెప్పింది. మణియమ్మది మరీ చురుకైన బుర్ర అంది. ఎంత చురుకో సాయంత్రానికి తెలిసింది. మణియమ్మ మా గుమ్మంలోకి మిక్సీ పట్టుకుని వచ్చింది. "అన్నా, దీని మింద కలెక్టరుకు రాసినావంటనే. ఆయనకు చూపించేదానికి నువ్వే ఎత్తుకోని పో" అని నా ఒళ్ళో పెట్టింది. నా అర్జీలన్నీ ఏడుగురూ చదివేశారు. వీధిలో ఆ వారం నాతో మాట్లాడినవి కుక్కలు మాత్రమే.

మిక్సీ నన్ను భయపెట్టలేదు. అలమర భయపెట్టింది. పాత పంచాంగాలన్నీ నేను అక్కడే పడేసేవాణ్ణి. మర్నాడు చూస్తే పద్దెనిమిదీ దుమ్ము దులిపి వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతిదాంట్లో ఒక ఎర్రదారం. ప్రతి దారం కర్కాటక రాశి పేజీలో.

ఆవిడ ఎప్పటిలాగే వంటింట్లోకి వెళ్ళింది. చారు పెట్టింది. ఉప్పు కూడా సరిగ్గా ఉంది. అది ఇంకా భయం.

ఉగాది తొమ్మిది రోజుల్లో ఉంది. వేదిక మీద నేను నోరు తెరుస్తాను, కింద ఏడుగురు ఆడవాళ్ళు పుస్తకం తెరుస్తారు. పద్దెనిమిదేళ్ళ పరువు వాళ్ళ చేతుల్లో ఉంది.

జ్వరం తెచ్చుకున్నాను. భాగ్యం థర్మామీటరు తెచ్చి పక్కనే కూర్చుంది. జ్వరం పోయింది. కేశవన్ దగ్గరికి వెళ్ళి, కాలం మారింది, ఈ ఏడాది నుంచి పంచాంగం మానేసి ఏదైనా ఉపన్యాసం పెట్టుకుందాం అన్నాను. సంతోషంగా ఒప్పుకుని, మూడు గంటలు తానే మాట్లాడతానన్నాడు. ఆ శిక్ష జనానికి వేయలేక వెనక్కి తీసుకున్నాను.

చివరికి ఉపాయం దొరికింది. ఒక పంచాంగానికీ ఇంకో పంచాంగానికీ ఫలాలు కలవవు. ఇంట్లో ఉన్నది కాక, ఎవరి దగ్గరా లేని పంచాంగం చదివితే ఎవరు పట్టుకుంటారు? బస్సెక్కి సత్యవేడు దాకా వెళ్ళి, ఎవరూ పేరు వినని పంచాంగం ఒకటి కొన్నాను. దాన్ని కంప్యూటర్ బల్ల సొరుగులో, అర్జీల అడుగున దాచాను. ఆ బల్ల దగ్గర రోజంతా ఎవరు కూర్చుంటున్నారో అప్పుడు గుర్తు రాలేదు.

ఉగాది పొద్దున హాల్లోకి వెళ్ళేసరికి ఎనభై కుర్చీల మీద ఎనభై కాగితాల కట్టలు ఉన్నాయి. ఎడమ పక్క తెలుగు అక్షరాలు. కుడి పక్క అదే తెలుగు, తమిళ అక్షరాల్లో. ఎవరైనా చదువుకోవచ్చు. నేను సత్యవేడు నుంచి తెచ్చిన పుస్తకమే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా. భాగ్యం టైపు చేసింది, ఏడుగురూ దిద్దారు, గురు ప్రింటు తీశాడు. చివరి పేజీలో, తప్పులుంటే చెప్పండి దిద్దుతాం, కావలసినవాళ్ళు ఇంకొకరికి పంచండి అని ఉంది.

నా చేతిలో శాలువా పెట్టారు. భాగ్యం మైకు తెచ్చి ఇచ్చింది.

"నువ్వే చదువయ్యా. నీ గొంతు బాగుంటాది" అంది.

మేషం చదివాను. ఎనభై వేళ్ళు కాగితం మీద నడిచాయి. వృషభం, మిథునం కూడా ఉన్నది ఉన్నట్టు చదివాను. ముసలివాళ్ళు తమ భాషను మొదటిసారి కళ్ళతో చూస్తూ పెదవులు కదిపారు. కేశవన్ మైకు సంగతి మరిచిపోయి కాగితంలో తలదూర్చాడు. హాలంతా తేనెతుట్టెలా మోగుతోంది. ఆ జోరులో నాకూ ఊపు వచ్చింది. ఊపులో ఒళ్ళు మరిచాను. పద్దెనిమిదేళ్ళ అలవాటు.

"కర్కాటక రాశి స్త్రీలు పుట్టింటి ప్రయాణాలు చేసినచో భర్త ఆరోగ్యానికి..."

ఎనభై తలలు లేచాయి.

"అన్నా, అది యాడ ఉండాది?" అన్నాడు కేశవన్. హాల్లో మైకు లేకుండా ఆ మనిషి మాట్లాడటం అదే మొదలు.

వెతికినట్టు చేశాను. అచ్చుతప్పు అన్నాను. పోయినేటి పుస్తకంలో కూడా లేదని మణియమ్మ లేచి చెప్పింది. అంతకుముందు ఏటిది కూడా చెప్పబోతుంటే భాగ్యం చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నన్ను చూసి, ఉన్నది చదవమన్నట్టు తల ఊపింది.

ఉన్నది చదివాను. కర్కాటక రాశివారికి బంధుదర్శనం, సుఖప్రయాణం, మనశ్శాంతి.

తర్వాతది సింహం. కాగితం వాళ్ళ చేతుల్లో ఉంది, మింగడానికి లేదు. రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు అని చదివాను. ఈ ఒక్కటి కాగితం లేకపోయినా నమ్మేవాళ్ళమని ఎవరో అన్నారు. హాలు అయిదు నిమిషాలు నవ్వింది. లెక్కపెట్టాను.

ఆ మధ్యాహ్నమే భాగ్యం సంచీ సర్దింది. ఎన్నాళ్ళని అడిగాను.

"పద్దెనిమిది దినాలు. ఏటికొకటి" అంది. చెప్పులు వేసుకుని బస్సు స్టాపుకు నడిచింది.

పద్దెనిమిది రోజులు హోటలు చారు తాగాను. మూడు నుంచి ఆరు దాకా కంప్యూటర్ పూర్తిగా నాదే. ఒక్క అర్జీ కూడా రాయలేదు. గట్టిగా చదివితే గోడలు విన్నాయి.

పంతొమ్మిదో రోజు వచ్చి, ఏమీ జరగనట్టు చారు పెట్టింది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ వెళ్ళింది. నన్ను ఒక్కసారీ అడగలేదు.

ఆవిడ పోయి ఏడాదయింది. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు కూడా రెండు రోజుల్లో వస్తానని చెప్పే వెళ్ళింది. అడగకుండా వెళ్ళిపోవడం ఆవిడకు ఆ ఉగాదికే అలవాటైంది. ఆ అలవాటు చేసినవాళ్ళను, గురునూ వాడి సిడినీ హైదరాబాదు వాళ్ళనూ, నేను క్షమించలేదు. క్షమించను.

ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి నా అభిప్రాయం అడిగారు, చెప్పాను. ఇంకోసారి నా దగ్గర ఈ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాను. దీని గురించి నేను ఇక ఎప్పటికీ మాట్లాడను.