ఫ్రిజ్‌ ఎక్కి పడ్డవాడు లేడు!

నాకు అన్నిటికంటే పెద్ద భయం, కల్లు గీసే మా ఆయన తాటిచెట్టు మీద నుంచి పడతాడని. అందుకే బీరును కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు రోజూ పొద్దున్నే దండం పెట్టుకుంటాను. కల్లు మాయమైతేనే నా పసుపు కుంకుమలు నిలుస్తాయి!

నవ్వకండి. ఫ్రిజ్‌ ఎక్కి పడ్డవాడిని ఎక్కడైనా చూశారా? బీరు కావాలంటే నడుముకు మోకు కట్టాలా? తలుపు తీస్తే చాలు. వానాకాలం ఫ్రిజ్‌కు పాచి పట్టి కాలు జారదు. కందిరీగలు లేచి కుట్టవు. కల్లుదేముంది? పొద్దున తియ్యగా, సాయంత్రానికి పుల్లగా, దాని వయసు అదే చెప్పేస్తుంది. అంత నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికి కావాలి?

సిద్దిపేట నా మొర విన్నది. నా పెళ్లయిన కొత్తలో మా ఆయన నాగేశ్ మిరుదొడ్డి దారిలో తాటిచెట్టెక్కితే, కింద పదిమంది తాటాకు దొప్పలు మడుచుకుని కాచుకునేవారు. ఇప్పుడు పర్శరాములు మామ ఒక్కడే మిగిలాడు. తన అల్లుడు ఇంటికొస్తే ఆయనా బీర్లే తెప్పించాడు.

"అల్లునికి కల్లు పోస్తే ఇజ్జత్ ఉంటదా బిడ్డా?" అన్నాడు నాతో.

నిజమే! మర్యాద కూడా ఫ్రిజ్‌లో పెడితేనే చెడిపోకుండా ఉంటుంది.

గిరాకీ పోతే మా ఆయన చెట్టెక్కడమూ పోతుందని లెక్క వేశాను. చెట్టెక్కకుండానే దాని ఎత్తు కనుక్కునే లెక్క పదో తరగతిలో ఉంటుందట. నా చదువు తొమ్మిదితో ఆగింది కదా, నా లెక్క తప్పింది. "దినాం గీయకుంటె గెల ఎండుతది" అంటూ ఆ ఒక్క మామ కోసమూ ఎక్కుతూనే ఉన్నాడు.

దాంతో నేను ఫోన్లు మొదలుపెట్టాను. "దిగినవా?" అని అడగడానికి, ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను. మొన్న ఎత్తాడు. "ఆఁ..." అన్నాడు. దబ్బుమని చప్పుడు. ఆ తర్వాత స్విచాఫ్!

చంకలో మా పాప మనస్విని, కాళ్లకు ఒకటే చెప్పు, ఆటో నిండా నా ఏడుపు. పోయి చూస్తే చెట్టు కింద ఫోన్ ముక్కలు. ఆయన మాత్రం పైనే, మోకులో ఆనుకుని ఉన్నాడు.

"ఏందే నీ లొల్లి! ఒక చేత కత్తి, ఒక చేత చెట్టు. ఇగ నిన్ను ఏ చేత పట్టుకోవాలె?"

"పడ్డవేమో అనుకున్న!"

"పడ్డది ఫోను. ఇంకోపాలి గిట్ల చేసినవంటె నేనే పడ్త!"

అంటే మా ఇంట్లో తాటిచెట్టు కంటే ప్రమాదం నేనన్నమాట!

కళ్లు తుడుచుకుని చుట్టూ చూశాను. కనుచూపు మేర మనిషి లేడు. ఒకప్పుడు ఆ దొప్పల వాళ్లు "పైలం నాగేశన్నా!" అని జాగ్రత్త చెబుతూ కేకలు వేసి, ఆయన దిగేదాకా పైకే చూస్తుండేవారు. వాళ్ల దృష్టి కల్లు మీదే అనుకోండి, అయినా చూస్తుండేవారు. నేను వాళ్లను తాగుబోతులని తిట్టుకున్నాను. బీరు వచ్చి ఆ కాపలాను కాస్తా ఎత్తుకుపోయింది. నా దండాలు అంత బాగా ఫలించాయి!

కాబట్టి మిరుదొడ్డి దారిన చల్లని సీసాలు పట్టుకుని పోయే అన్నల్లారా, ఫోన్ చేసే భాగ్యం నాకెలాగూ లేదు. తాటిచెట్టు మొదట్లో మా ఆయన ఎర్ర బండి ఆనించి ఉంటే ఒక్క నిమిషం ఆగండి. పైకి చూసి, "నాగేశన్నా!" అని పిలవండి. "ఓ" అంటే, మీ బీరు వెచ్చబడక ముందే వెళ్లిపోండి.

పలకకపోతే మాత్రం వెళ్లకండి. చెట్టు కింద చూడండి.