మీ పేగులకు ప్రభుత్వం తోడు

తోడుకని అట్టేపెట్టిన పెరుగు ఎవరు తిన్నారన్న విషయం మీద ఆ మధ్యాహ్నం మా ఇంట్లో గొడవ మొదలైంది. గిన్నెలో ఉన్నది రెండు చెంచాలు. కానీ ఆ తోడు మా అత్తయ్యకు వాళ్ల అత్తగారు పోయేముందు ఇచ్చింది. ముప్పై రెండేళ్లుగా ఒక్కరోజు తెగకుండా, ఇవాళ్టి పెరుగు రేపటి పాలల్లోకి చేరుతూ వస్తోంది. ఈలోగా ప్రభుత్వాలు ఆరు మారాయి. తోడు మారలేదు.

"నేను తినలేదు" అన్నారు మా వారు.

"మరి మీసానికి ఆ తెలుపేంట్రా?" అంది అత్తయ్య.

"ఆరోపణ చేస్తే సరిపోదమ్మా. ఆధారాలు కావాలి."

"ఆధారం నీ మూతి మీదే ఉందిరా!"

మా వారు రుమాలు తీసి ఆధారాన్ని తుడిచేశారు. "నిజానిజాలు తేల్చడానికి విచారణ కమిటీ వేస్తున్నాను. కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే" అని ప్రకటించి చెయ్యి కడుక్కున్నారు. అత్తయ్య కమిటీ నివేదిక కోసం ఆగలేదు. గిన్నె అంచులు గీకి, అరచెంచా కూడబెట్టి, ఆ పూట పాలు తోడేసి వంశాన్ని నిలబెట్టింది.

మా వారు మంత్రి. శాఖ పేరు 'ఇతరములు'. ఆరోగ్యం, విద్య, రోడ్లు, నీళ్లు అంటూ అందరూ పంచుకోగా మిగిలినవన్నీ ఆయన చూస్తారు. ఏం మిగిలిందో ఇంతవరకూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు కాబట్టి ఆయనకు క్షణం తీరిక ఉండదు. అంతటి మనిషిని దేవుడు కడుపు దగ్గర పట్టుకున్నాడు. ఏం తిన్నా ఉబ్బరం, తినకపోతే గుడగుడ. కిందటి నెల మంత్రివర్గ సమావేశంలో ఆయన కడుపు గుర్రుమంటే, మినిట్స్‌లో 'ఇతరముల మంత్రి అభ్యంతరం తెలిపారు' అని రాసుకున్నారట.

దానికి తోడు మరో గండం. నలభై రోజుల్లో మంత్రివర్గాన్ని మారుస్తానని, సొంత పథకం ఒక్కటి కూడా లేని మంత్రులను ఇంటికి పంపిస్తానని పెద్దాయన చెప్పేశారు. పెద్దాయన అంటే ప్రభుత్వానికే పెద్ద. ఇంటికి పంపిస్తానని ఆయన తేలిగ్గా అనేశారు గానీ, ఆ ఇంట్లో ఉండేది మేము. ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఉంటేనే మా వారు ఫ్రిజ్‌ను తనిఖీ చేసి, పోపుడబ్బాను పునర్వ్యవస్థీకరిస్తారు. రోజూ ఉంటే? ఆయన పదవి నిలవాలని ఆయనకంటే నేనే ఎక్కువ కోరుకున్నాను.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నోట్సు రాసుకోవడానికి పీఏ కూడా వచ్చాడు. సన్నగా, పాలిపోయి, ఎప్పుడూ నిద్ర చాలని కళ్లతో ఉండే మనిషి.

"పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియా ఉంటుందండీ" అంది డాక్టరమ్మ. "మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. తుమ్మొచ్చినప్పుడల్లా మీ అంతట మీరే యాంటీబయాటిక్స్ కొని మింగేశారు. దాంతో మంచివాటి బలం తగ్గిపోయింది."

"అంటే చెడ్డవాళ్లకి మెజారిటీ వచ్చిందా?"

"అలాగే అనుకోండి."

"ఎటూ చేరనివాళ్లు కూడా ఉంటారా?"

"ఉంటారు. ఎవరి బలం ఎక్కువైతే అటు మొగ్గుతారు."

మా వారి ముఖం వికసించింది. ఒక డాక్టరు చెప్పింది ఆయనకు అర్థం కావడం అదే మొదటిసారి. "వాళ్లతో నేను మాట్లాడతాను" అన్నారు.

"మాటలతో లొంగరండీ. తిండి పెట్టాలి."

"ఎక్కడైనా అంతేగా!"

డాక్టరమ్మ చీటీ మీద మందులేం రాయలేదు. కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టు తియ్యని గింజలు, పళ్లు. రోజూ ఇంట్లో తోడేసిన పెరుగు. అరగంట నడక. వేళకు నిద్ర. నమిలి తినడం, తినేటప్పుడు కోప్పడకపోవడం. "నెల పైనే పడుతుంది. కానీ ఇవన్నీ మీరే చెయ్యాలి" అంది. 'మీరే' అన్న మాట రాసుకుని, పీఏ దాని కింద రెండు గీతలు గీశాడు.

కారెక్కగానే మా వారు తొడ చరిచారు. "పథకం దొరికింది!"

ఆ సాయంత్రమే విలేకరుల సమావేశం. వెనక తెర మీద పది అడుగుల పేగు బొమ్మ, దాని మలుపులో మా వారి ఫొటో. కింద పెద్ద అక్షరాలతో: మీ పేగులకు ప్రభుత్వం తోడు.

"ఇంటింటికీ మంచి బాక్టీరియా ఉన్న పెరుగు పంచుతాం" అన్నారు మా వారు. "మా అమ్మ ముప్పై రెండేళ్లుగా కాపాడుకుంటూ వచ్చిన తోడును ప్రజలకు అంకితం చేస్తున్నాను. ముందుగా నలభై రోజులు నా శరీరం మీదే ప్రయోగం. ఫలితాలు బహిరంగంగా ప్రకటిస్తాను. నా పేగులు తెరిచిన పుస్తకం!"

చప్పట్లు మోగాయి. అత్తయ్యకు ఈ సంగతి టీవీలో చూస్తేనే తెలిసింది.

మర్నాడు ఉదయం చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని నలుగురు అధికారులు వచ్చారు. అంచు విరిగిన ఆ పింగాణీ గిన్నెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు.

"సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి నాయనా. పాలు కాచి ఉంచుతాను" అంది అత్తయ్య.

"ప్రయోగశాలలో ప్రక్రియ పూర్తవగానే ఇచ్చేస్తాం అమ్మగారూ."

వాళ్లు గిన్నె ఎత్తేముందు నేనొక చిన్న పని చేశాను. తమ ఇంట్లో పెరుగు సరిగ్గా తోడుకోవడం లేదని పీఏ భార్య ఎన్నాళ్లుగానో అడుగుతోంది. ఒక చెంచా తీసి మూత డబ్బాలో వేసి పీఏ చేతికిచ్చాను. "నువ్వు కూడా తింటే మంచిది, చాలా నీరసంగా ఉన్నావు" అన్నాను. సిగ్గుపడుతూ తీసుకున్నాడు.

ఆ తరవాతి నలభై రోజులూ మా వారు పడ్డ శ్రమ చెప్పనలవి కాదు. పథకం మీద రోజుకు నాలుగు సమీక్షలు. సమీక్షకో ప్లేటు వేపుళ్లు, రెండు కప్పుల కాఫీ. మరి డాక్టరమ్మ చెప్పిన భోజనమో? అదీ వేళకు వచ్చేది. ఉడికించిన చిక్కుళ్లు, పచ్చికూరలు, పళ్లు. మా వారు దానివంక చూసి, "భద్రతా నియమాల ప్రకారం ముందు నువ్వు రుచి చూడు" అని పీఏ ముందుకు జరిపేవారు. రుచి పూర్తయ్యేసరికి కంచం ఖాళీ అయ్యేది.

అడుగులు లెక్కపెట్టే గడియారం మాటా అంతే. మా వారికి ప్రారంభోత్సవాలున్నాయి, గడియారానికి అడుగులు కావాలి. పీఏ కట్టుకున్నాడు.

"పొద్దున సార్ తరఫున నాలుగు కిలోమీటర్లు నడిచానండీ" అని చెప్పేవాడు నాతో. "నిన్న రాత్రి సార్ తరఫున తొమ్మిదింటికే పడుకున్నాను. ఎనిమిది గంటలు, మధ్యలో మెలకువే రాలేదు."

"సార్ తరఫున కోపం తగ్గించుకోవడం?"

"అదీ చేస్తున్నానండీ. సార్ తిట్టినప్పుడల్లా."

అతని బుగ్గలకు రంగు వచ్చింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు. నలభయ్యో రోజుకు ముందు పరీక్ష కోసం ప్రయోగశాలవాళ్లు ఒక చిన్న డబ్బా పంపించారు. ఆ ఉదయం మా వారికి వేరే ఊళ్లో రిబ్బన్ కత్తిరించే పని ఉంది. డబ్బా సకాలంలో, సార్ తరఫున, తిరిగి చేరిందని తెలిసింది. వివరాలు నేను అడగలేదు.

ఈలోగా పథకానికి ఒక అడ్డంకి వచ్చింది. ఆహార భద్రతాధికారి చెమటలు కక్కుకుంటూ మా ఇంటికే వచ్చాడు.

"సార్, ఘోరం. ఆ పెరుగులో బాక్టీరియా ఉంది!"

"ఎంత?"

"లెక్కపెట్టలేనంత సార్! ప్రభుత్వం పంచే ఆహారంలో సూక్ష్మజీవుల సంఖ్య సున్నా ఉండాలి. రూలు."

మా వారు కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు ఆలోచించారు. నిర్ణయాలు తీసుకునేటప్పుడు పక్కనుంచి చూస్తే ఆయన ముఖం గంభీరంగా ఉంటుంది. "చట్టానికి ఎవరూ అతీతులు కారు" అన్నారు చివరికి. "బాక్టీరియా కూడా."

పెరుగునంతా పెద్ద యంత్రంలో పోసి మరిగించారు. నియమం అందరికీ ఒకటే కనుక పింగాణీ గిన్నెలోదాన్నీ మరిగించారు. ఆపైన కప్పుల్లో నింపి ముద్ర వేశారు: 'మంచి బాక్టీరియా పునరుద్ధరణ పెరుగు. ఇందులో బాక్టీరియా లేదని ప్రభుత్వ హామీ.'

నేను ఉండబట్టలేక అడిగాను. "ఏమండీ, మరి మంచి బాక్టీరియా ఎక్కడుంది?"

"పేరులో ఉందిగా" అన్నారు మా వారు. నాకు సిగ్గేసింది. కప్పు మీద అంత పెద్ద అక్షరాలతో ఉంటే చూసుకోలేదు.

నలభయ్యో రోజు సభకు పెద్దాయన స్వయంగా వచ్చారు. డాక్టరమ్మ పరీక్ష ఫలితం చదివింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివింది.

"నా సర్వీసులో ఇంత ఆరోగ్యమైన పేగులు చూడలేదు. అరవై ఏళ్ల మనిషివిలా లేవు. ముప్పయ్యేళ్ల కుర్రాడివిలా ఉన్నాయి."

హాలు దద్దరిల్లింది. వేదిక వెనక నిలబడ్డ పీఏ వినయంగా తల దించుకున్నాడు. అతనికి ముప్పై ఒకటి.

పెద్దాయన మా వారి పొట్ట మీద చెయ్యి వేసి, "ఇలాంటి పేగులు నా మంత్రివర్గానికి కావాలి" అన్నారు. సరిగ్గా అప్పుడే ఆ పొట్ట గుర్రుమంది. "చూడండి, ఎంత చురుగ్గా ఉన్నాయో!" అన్నారు పెద్దాయన. పదవి నిలిచింది. నా పోపుడబ్బా బతికింది.

అదే రోజు గిన్నె తిరిగొచ్చింది, గాజుపెట్టెలో, సీలు వేసి. అత్తయ్య కూరగాయల కత్తితో సీలు విప్పి, గోరువెచ్చని పాలల్లో తోడు కలిపింది. తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. మర్నాడు ఇంకో చెంచా వేసి చూసింది. అవీ పాలే. మూడోనాడు గిన్నె కడిగి బోర్లించింది. అత్తయ్య ఆ గిన్నెను బోర్లించగా నేను చూడటం, ఈ ఇంటికి వచ్చాక అదే మొదటిసారి.

ఆ రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాం. మా వారు హుషారుగా ఉన్నారు. "పెరుగేదీ?" అన్నారు.

అత్తయ్య ఒక గ్లాసుడు పాలు తెచ్చి ముందు పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"నీ పథకం. తాగు."

ఆయన గ్లాసు వంక చూశారు. బోర్లించిన గిన్నె వంక చూశారు. మొదటిసారిగా ఆయన గొంతు మంత్రి గొంతులా లేదు. "అమ్మా... అంతా పోయిందా?"

"ముప్పై రెండేళ్లదిరా."

దానికి ఆయన కడుపు జవాబు చెప్పింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది. "పీఏగారింట్లో ఉంది అత్తయ్యా. నేనే ఒక చెంచా ఇచ్చాను. రోజూ తోడేసుకుంటున్నారట, గడ్డపెరుగు అవుతోందట."

అత్తయ్య లేచి, గిన్నె తిరగేసి, తుడిచి, మా వారి కంచం పక్కన పెట్టింది. "అయితే వినండి, నా నిర్ణయం. రేపు పొద్దున ఆరింటికి వీడే ఈ గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, అడిగి, చెంచాడు తోడు తెస్తాడు. కార్లో కాదు. వీడి కాళ్లతో. తెచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు."

మా వారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అమ్మ మాట శిరోధార్యం. రేపు ఉదయం ఆరింటికి నడక!" అని ప్రకటించి, ఎడం చేత్తో ఫోన్ అందుకుని పీఏకి కలిపారు. తొమ్మిదింపావు అయింది. అటు వాళ్లావిడ ఎత్తింది. స్పీకర్లో అందరికీ వినిపించింది.

"పడుకున్నారండీ."

"అప్పుడేనా? లేపమ్మా, రేపు పొద్దున నడక ఉంది!"

"లేపకూడదండీ" అంది ఆవిడ భయభక్తులతో. "మీ తరఫున పడుకున్నారు."