శివలీల గారి అధికారిక కళ్ళు

మనిషి ఒకచోట ఉన్నాడా లేడా అన్న ప్రశ్నకు మానవజాతి ఇన్నాళ్ళూ చాలా మోటుగా జవాబు చెప్పుకుంటూ వచ్చింది. వెళ్ళి చూసేవారు. పేరు పెట్టి పిలిచేవారు. "ఆ" అంటే ఉన్నట్టు. మా కర్నూలు వైపు ఈ అనాగరికతకు స్వస్తి పలికారు. ఇప్పుడు మనిషి ఉన్నాడో లేడో ఫోను చెబుతుంది. ఫోను లేడంటే లేడు. (ఎదురుగా నిలబడి ఉన్నానని వాదించేవాళ్ళు కొందరుంటారు. లేనివాళ్ళు వాదించరాదని సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది.)

ఇందుకోసం 'ముఖ హాజరు ఏకీకృత పర్యవేక్షణ సంస్థ' అని ఒకటి వెలిసింది. సర్కారు జీతం తీసుకునే ప్రతివారూ పొద్దున వచ్చేటప్పుడూ సాయంత్రం పోయేటప్పుడూ ఫోనుకు ముఖం చూపించాలి. కళ్ళు బాగా తెరవాలి. ఫోను అడిగినప్పుడు ఒక్కసారి రెప్ప వేయాలి. అసలు వేయకపోతే మనిషి కాదు, ఫొటో అనుకుంటుంది. నాలుగైదుసార్లు వేస్తే ఏమనుకుంటుందో సంస్థ వెల్లడించలేదు గానీ, ఒప్పుకోదు.

ఏర్పాటు గొప్పదే. కాకపోతే ఆషాఢం గాలిని ఎవరూ సంప్రదించలేదు.

కల్లూరులో ఆషాఢం గాలి ఖాళీ చేతులతో రాదు. కడుతున్న ఇళ్ళ ఇసుక, సిమెంటు, మిల్లుల్లోంచి చెనక్కాయల పొట్టు, ఖాళీ ప్లాట్లలో ఏపుగా పెరిగిన వయ్యారిభామ పుప్పొడి, అన్నీ మూట గట్టుకొని వస్తుంది. ఇంటింటికీ సరఫరా. ఏ దరఖాస్తూ అక్కర్లేని పథకం మా జిల్లాలో ఇదొక్కటే.

అక్కడి అంగన్‌వాడీ టీచరు శివలీల ఈ పథకంలో పాత లబ్ధిదారు. ఏటా ఈ రోజుల్లో ఆమె కళ్ళు ఎర్రబడతాయి, దురద పెడతాయి, నీళ్ళు కారతాయి, రెప్పలు బూరెల్లా పొంగుతాయి. ఈసారి అలా పొంగిన పొద్దున ఆమె ఫోను ముందు నిలబడింది. "కళ్ళు కనబడటం లేదు. వెలుతురులోకి రండి" అంది ఫోను. వెలుతురులోకి వస్తే గాలి కొట్టింది. రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. "మీరు శివలీల కారు" అని ఫోను తేల్చేసింది.

కొంత తప్పు ఆయా హనుమంతమ్మది కూడా. ఫోను ఎత్తి పట్టుకోవాల్సింది ఆమే. ఎర్ర కళ్ళలోకి చూస్తే కండ్లకలక అంటుకుంటుందని ఆమె నమ్మకం. కాబట్టి తల అటు తిప్పుకొని, చేయి ఇటు చాచి, ఫోనుకు ఎక్కువగా గోడనే చూపించింది.

"ఇది అంటుకునేది కాదు హనుమంతమ్మా, గాలికి వచ్చింది. ఇట్ల చూడు," అంది శివలీల.

"అట్లనే అంటారు టీచరమ్మా. మీరు నన్ను చూడొద్దండి, ఫోన్ని చూడండి!"

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, హాజరు పడని రోజు సెంటరు తెరవనట్టు లెక్క. తెరవని సెంటరుకు గుడ్లు రావు. ఇలా కొన్నాళ్ళు గడిస్తే టీచరు పోస్టు ఖాళీ అయినట్టు ప్రకటిస్తారు. పిల్లలకు పప్పన్నం తినిపిస్తూనే శివలీల వారమంతా గైర్హాజరైంది. ఆమెకు ఏడుపొచ్చింది. (ఏడిస్తే కళ్ళు ఇంకా వాస్తాయని ఆపుకుంది.)

చివరికి మండల ముఖ నిర్ధారణాధికారి దేవేంద్రప్ప గారి దగ్గరికి పోయింది. ఆయన గదిలో కూడా నల్లద్దాలు పెట్టుకొని కూర్చున్నారు. ఎందుకో అడిగే హోదా ఆమెకు లేదు.

"దినామూ పోతాండా సార్. కావాలంటే పిల్లోళ్ళని అడగండి."

"పిల్లోళ్ళకు లాగిన్ లేదమ్మా."

"గాలికి కండ్లు వాచినాయి సార్. అందుకే నా మొగం తీసుకోల్యా."

ఆయన చాలాసేపు కంప్యూటర్లో వెతికారు. "గడ్డం పెంచింటే ఆప్షన్ ఉండాది. గుండు చేయించింటే ఉండాది. కండ్లకు యాడా లేదు."

ఇలాంటి ముఖాలు ఆయన దగ్గరికి గంపలకొద్దీ వస్తున్నాయని తర్వాత తెలిసింది. సంస్థ ఆలోచించింది. ఇంతమంది ముఖాలు రికార్డుతో విభేదిస్తున్నప్పుడు రికార్డునే మార్చడం ప్రజాస్వామ్యం అనిపించుకుంటుంది. వెంటనే 'ముఖ నవీకరణ మేళా' ప్రకటించారు. అదే ఆషాఢంలో, ఒక ఆట మైదానంలో. షామియానా మధ్యాహ్నానికే గాలికి లేచిపోయింది. పంతుళ్ళు, లైన్‌మెన్లు, నర్సులు, డాక్టర్లు, అందరూ దుమ్ములో వరసగా నిలబడి, కారుతున్న కళ్ళతో కొత్త ముఖాలు నమోదు చేయించుకున్నారు.

"కండ్లు తగ్గినాక తీయించుకుంటా సార్," అని బతిమాలింది శివలీల.

"తగ్గేదాకా నువ్వు లేనట్టే కదమ్మా," అన్నారు దేవేంద్రప్ప.

మర్నాడు ఫోను "స్వాగతం శివలీల గారూ" అంది. గుడ్లు వచ్చాయి. ఉద్యోగం నిలబడింది. ఇక్కడ కథ ఆపేస్తే సంస్థకు మంచి పేరు వచ్చేది.

కానీ శివలీల తొందరపడి కళ్ళు బాగుచేయించుకోవాలనుకుంది. సర్కారు కంటాసుపత్రిలో దావీదురాజు అనే డాక్టరున్నారు. నెమ్మదస్తుడు. రెప్పలు తిప్పి చూసి, అలర్జీ అని చెప్పారు.

"బయటినుంచి వస్తానే చల్లనీళ్ళతో మొగం కడుక్కోమ్మా. దురద పెడితే తడిగుడ్డ పెట్టుకో. బయట అద్దాలు లేకుండా తిరగొద్దు. నేను రాసిన చుక్కలే వెయ్యి, మెడికల్ షాపాయన ఇచ్చినవి వద్దు. ఏం చేసినా కండ్లు మాత్రం రుద్దొద్దు. రుద్దుతా పోతే నల్లగుడ్డు సన్నబడి ముందుకు పొడుచుకొస్తాది. చూపు పాడైతే మళ్ళా తెచ్చుకోల్యావు."

ఆమె అన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. వానలు పడ్డాయి, గాలి తగ్గింది. ఒకరోజు అద్దంలో చూసుకుంటే కళ్ళు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. ఎన్నాళ్ళకో దురద లేకుండా నిద్రలేచినందుకు ఆమెకు ఎంత సంతోషమైందంటే, మంచి చీర కట్టుకొని మరీ సెంటరుకు వెళ్ళింది.

"మీరు శివలీల కారు," అంది ఫోను.

ఈసారి హనుమంతమ్మ ఆమె కళ్ళలోకి నేరుగా చూస్తూ ఫోను పట్టుకుంది. అయినా కాదంది. గుడ్లు మళ్ళీ ఆగాయి. శివలీల మళ్ళీ దేవేంద్రప్ప గారి ముందు నిలబడింది.

"నీ కండ్లు బాగైనాయి కదమ్మా," అన్నారాయన విచారంగా. "అదే వచ్చింది చిక్కు."

"మళ్ళా మొగం తీయండి సార్."

"మేళా వచ్చే ఆషాఢంలోనే."

"అంతదాకా ఏం చెయ్యల్ల?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "రికార్డులో ఉండే మొగంతో రా. ఎట్ల తెచ్చుకుంటావనేది మా సంస్థ పరిధిలోకి రాదు." (పరిధి విషయంలో సంస్థ ఎప్పుడూ నిక్కచ్చి.)

మర్నాటి పొద్దున సెంటరు వెనక గోడ పక్కన నిలబడి శివలీల రెండు కళ్ళూ గట్టిగా రుద్దుకుంది. ఫోను స్వాగతం పలికింది. పిల్లలకు గుడ్లు వచ్చాయి.

నెల తిరిగాక పరీక్షకు వెళ్తే దావీదురాజు గారు పరికరంలోంచి చూసి, తల ఎత్తి కోప్పడ్డారు.

"అంత చెప్పినా మళ్ళా రుద్దతాండావా? చూపు మీద ఆశ లేదా నీకు?"

"హాజరుకు సార్," అంది శివలీల.

డాక్టరు గారు చుక్కలు రాసిచ్చి, రుద్దవద్దని కాగితం మీద కింద గీత గీసి మరీ రాశారు. గోడ గడియారంలో ఐదైంది. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు పిడికిళ్ళతో కళ్ళు బాగా నలుపుకొని, ఫోను ఎత్తి ముఖానికి ఎదురుగా పట్టుకున్నారు.